చేటెడు తవుడు

నా చిన్నప్పుడు మా అమ్మ నాకు నెయ్యి అన్నం మీద వేసేది కాదు, అన్నం కింద వేసేది. ముందు కంచంలో చెంచాడు నెయ్యి పోసి, దానిమీద అన్నం కప్పి, పైన చారు పోసి నా ముందుకు తోసేది. చూసేవాళ్ళకి నేను వట్టి చారన్నం తింటున్నట్టే ఉండేది. వేళ్ళు అడుగుదాకా వెళితేగాని నెయ్యి తగిలేది కాదు. ఎవరి కన్నూ పడకూడదని ఆ దాపరికం. ఎవరి కన్నంటే ఇరుగుపొరుగు వాళ్ళది కాదు, చావుది.

నాకంటే ముందు మా అమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పురిట్లోనే, ఇంకొకడు పాకే వయసులో. ఆ రెండోవాడికి వెండి మొలతాడు చేయించారట, ఉయ్యూరు నుంచి సన్నాయి మేళం తెప్పించి, వీధి వీధంతా పిలిచి బారసాల చేశారట. ఆ ఆర్భాటమే కొంప ముంచిందని మా నాయనమ్మ తీర్మానం. మనకి అంత అపురూపమైంది చావుకి మాత్రం అపురూపం కాదా అని ఆవిడ వాదన. అందుకని నేను పుట్టగానే, పిల్లలు దక్కని ఇళ్ళలో మా వైపు చేసే పని చేయించింది. నన్ను పాత చేటలో పడుకోబెట్టి పెరటి వెనక పెంటకుప్ప మీద పెట్టించింది. అనుకున్న ప్రకారం పక్కింటి అత్తయ్య అటుగా వచ్చి, అయ్యో ఎవరో పిల్లని పారేశారని ఎత్తుకుని, మా గుమ్మం ముందుకు తెచ్చి బేరం పెట్టింది. నాయనమ్మ చేటెడు తవుడు పోసి నన్ను కొన్నది. పారేస్తే దొరికిన పిల్ల, తవుడుకి వచ్చిన పిల్ల. అలాంటిదాన్ని చావు కూడా ముట్టదని వాళ్ళ నమ్మకం. నాకు తవుడమ్మ అని పేరు పెట్టారు. బళ్ళోనూ అదే పేరు వేయించారు.

పక్కింటి అత్తయ్యనే ఎందుకు పిలిచారంటే, ఆవిడకి అప్పటికే ఏడుగురు పిల్లలు. ఏడుగురూ గుండ్రాళ్ళలా ఉండేవాళ్ళు. ఆ చెయ్యి మంచిదనీ, ఆ చేత్తో ఎత్తిన పిల్ల దక్కుతుందనీ నాయనమ్మ గురి. అత్తయ్య లావుపాటి మనిషి, గొంతు అంతకంటే లావు. ఆవిడ తన పెరట్లో గేదెని తిడితే మా వంటింట్లో అమ్మ ఉలిక్కిపడేది.

కొన్నంత మాత్రాన పని అయిపోలేదు. సరుకు చవకదని చావుకి రోజూ గుర్తు చేస్తూ ఉండాలి కదా! అందుకని నాకెప్పుడూ కొత్త గౌను కుట్టించలేదు, అత్తయ్య కూతుళ్ళు విడిచినవే తొడిగేవారు. జడలో పువ్వు పెట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎవరూ ముద్దు చేయలేదు. వచ్చినవాళ్ళు పొరపాటున పిల్ల కళ్ళు చక్కగా ఉన్నాయంటే, నాయనమ్మ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, "చక్కదనమా దాని మొహమా, తవుడు మూట!" అని తూ తూ అంటూ పక్కకి ఉమ్మేది. నాకు జ్వరమొస్తే నా మంచం దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. తలుపు అవతల గోడకి చేరబడి అమ్మ కూర్చునేది. నాకు ఆమె కనబడేది కాదు, గాజుల చప్పుడు మాత్రం వినబడేది.

మా నాన్నకి చెరుకు తోటలుండేవి. ఫ్యాక్టరీకి బళ్ళు తోలే రోజుల్లో ఎవరెవరో వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. వాళ్ళకి మంచినీళ్ళ చెంబు అందించడం నా పని. ఒకసారి ఒకాయన నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "పిల్లలెంతమందండీ?" అని అడిగాడు. నాన్న నేల చూస్తూ, "లేరండీ" అన్నాడు. ఆయన నావైపు చూసి "మరి ఈ పాప?" అన్నాడు. "పక్కింటి పిల్లండీ" అన్నాడు నాన్న. నేను ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. నాన్న ఆ రోజు అన్నం సరిగా తినలేదని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలిస్తే ఎంత బాగుండేది!

ఇదంతా ప్రేమేనని ఇప్పుడు నాకు తెలుసు. అంత భయపడుతూ ప్రేమించినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. కాని ఇది ప్రేమ అని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, చెబితే కట్టుబాటు చెడిపోతుంది. కాబట్టి ఆ పిల్ల తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. ఎవరికీ అక్కర్లేనంత కాలమే నేను బతుకుతాను, ఏదో ఒకరోజు ఎవరికైనా నచ్చానంటే ఆ రోజుతో సరి. ఈ మాట నాకెవరూ నేర్పలేదు, గాలిలోంచి వచ్చి ఎముకల్లోకి దిగింది. బళ్ళో జవాబు తెలిసినా నోరు విప్పేదాన్ని కాదు. తొక్కుడుబిళ్ళలో గెలిచేలా ఉంటే కావాలని గీత తొక్కేదాన్ని. ఒకసారి లెక్కల మాస్టారు నా పలక మీద శభాష్ అని రాశారు. ఎవరూ చూడకముందే ఉమ్ము తడితో చెరిపేసి, సాయంత్రం దాకా గుండె మీద చెయ్యి వేసుకుని కొట్టుకుంటోందో లేదో చూసుకున్నాను. మూత పెట్టిన కుండలో బతికాను. పైగా ఆ మూతని లోపలినుంచి నేనే పట్టుకుని ఉండేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు గాజులావిడ అత్తయ్యవాళ్ళ అరుగు మీద బుట్ట దించింది. ఆడపిల్లలంతా మూగారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి, "నువ్వెవరి పిల్లవమ్మా? చెయ్యి ఇలా తే" అంది. నేను ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాను. "నేనెవరి పిల్లనీ కాదండీ. పెంట మీద దొరికాను. నాకు గాజులొద్దు." పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. గాజులు ఏరుతున్న అత్తయ్య మాత్రం నవ్వలేదు. చేతిలో గాజు అలాగే పట్టుకుని చాలాసేపు నావైపు చూసింది.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య చేటెడు తవుడు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. వీధిలో జనం తిరిగే వేళ. చేట అరుగు మీద దభీమని పెట్టి, ఆ గొంతు ఎత్తి, "పిన్నిగారూ! ఇదిగో మీ తవుడు. నా పిల్లని నాకిచ్చెయ్యండి" అంది.

నాయనమ్మ బిత్తరపోయింది. "ఇదేం వేళాకోళమే అమ్మాయ్?"

"వేళాకోళం కాదండీ. ఆ రోజు మీరిచ్చిన తవుడు మా గేదె ముట్టలేదు. మక్కిపోయిన తవుడు. బేరం రద్దు."

"పదేళ్ళ తరవాతా?"

"గేదె నోరులేనిది కదండీ, చెప్పడానికి అంత కాలం పట్టింది. పోనీ, పిల్ల మాదేనంటారా? అయితే ఆ మాట గట్టిగా అనండి. వీధంతా వింటారు, ఇంకెవరైనా వినేవాళ్ళుంటే వాళ్ళూ వింటారు."

నాయనమ్మ తను అల్లిన వలలో తనే పడింది. మా పిల్ల అంటే చావు వింటుంది. కాదంటే పిల్ల పోతుంది. ఊళ్ళో ఎవరితో మాటకి మాట వచ్చినా నెగ్గుకొచ్చే మనిషి, ఆ పూట అరుగు మీద కూలబడిపోయింది. అమ్మ తలుపు చాటున నిలబడి ఉంది, ఒక్క మాటా అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమె ఒప్పుకోవడమని ఇప్పుడనిపిస్తుంది. అత్తయ్య నా రెక్క పుచ్చుకుని నడిచింది.

ఇంటికి తీసుకెళ్ళి కుంకుడుకాయ పులుసుతో తలంటింది. తన కూతురికని కొత్తగా కుట్టించిన పరికిణీ కట్టబెట్టింది. జడ అల్లి కనకాంబరాలు పెట్టింది. పెడుతున్నంతసేపూ పెద్దగా, "ఎంత జుట్టే తల్లీ! ఎంత చక్కని మొహమే!" అంటూనే ఉంది. నేను మెల్లగా మాట్లాడమని ఎన్నిసార్లు బతిమాలుకున్నా ఆవిడకి మెల్లగా మాట్లాడటం వస్తేగా!

అక్కడినుంచి బెజవాడ బస్సెక్కించింది. పిల్లలకి బెజవాడ ప్రయాణమంటే పండగ. నాకు మాత్రం నరకంలా ఉంది. కిటికీ పక్కన కూర్చోబెట్టింది, ఎదురొచ్చే ప్రతి లారీ నాకోసమే వస్తోందనుకున్నాను. గవర్నర్‌పేటలో దిగి సోడా తాగిస్తే, గోళీ టప్పుమన్నప్పుడు ప్రాణం పోయిందనుకున్నాను. రిక్షావాడికీ, పూలమ్మే ఆవిడకీ, దారిన పోయేవాళ్ళకీ నన్ను చూపించి, "మా పిల్లండీ, బంగారం" అని చెబుతూనే ఉంది అత్తయ్య. అన్నవాళ్ళకి బాగానే ఉంటుంది. ఆ మాట పడ్డప్పుడల్లా నాకు ఇంకో రోజు తరిగిపోతున్నట్టుండేది. పారిపోదామంటే ఎటు పోవాలి? ఇంటికి వెళ్ళినా నేను అక్కడి పిల్లని కాదాయె.

అక్కడొక ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళింది. వెనక తెర, ముందు ఎత్తు స్టూలు. ఫోటో తీసే ఆయన నన్ను కూర్చోబెడుతూ, "మీ అమ్మాయా అండీ?" అన్నాడు. "అవునండీ, మా పెద్దమ్మాయి" అంది అత్తయ్య. నాకు విచిత్రమనిపించింది. అత్తయ్యవాళ్ళ పెద్దక్కకి పెళ్ళయి చల్లపల్లిలో కాపురముంటోంది. మాట తడబడిందేమో అనుకున్నాను. ఈలోగా దీపాలు వేశారు. కళ్ళ నిండా వెలుగు. ఇక ఇదే ఆ క్షణమని నాకు ఖాయమైపోయింది. "కళ్ళు తెరువమ్మా, కళ్ళు" అని ఆయన ఎంత మొత్తుకున్నా నేను గట్టిగా మూసుకునే ఉన్నాను. చివరికి అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన విసుక్కుని అలాగే తీసేశాడు.

తర్వాత కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాం. అరిటాకులో కట్టి తెచ్చిన పులిహోర విప్పింది. నాకు ముద్ద దిగలేదు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారి వచ్చేసింది.

"అత్తయ్యా, ఇంక నన్ను మెచ్చుకోవద్దత్తయ్యా. చచ్చిపోతాను."

అత్తయ్య నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆకు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, నేను ఎప్పుడూ వినని చిన్న గొంతుతో మాట్లాడింది.

"నాక్కూడా ఒక తవుడమ్మ ఉండేదే. ఈ ఊరు రాకముందు మాట. మొదటి కాన్పులో పిల్లాడు పోయాడని, రెండోదాన్ని పెంట మీద పెట్టించి కొనుక్కున్నాం. పిచ్చమ్మ అని పేరు పెట్టాం. చింపిరి గుడ్డలేశాం. నిన్ను చూసుకున్నట్టే చూసుకున్నాం. ఆరేళ్ళొచ్చాక విషజ్వరమొచ్చి మూడో రోజుకి పోయింది."

నేను ఏడుపు ఆపేశాను.

"దాని కళ్ళు నీ కళ్ళకంటే పెద్దవి. ఆ మాట దాంతో ఒక్కసారీ అనలేదే. పోయాక మీద పడి అన్నాను. అప్పుడంటే దానికేం వినబడుద్ది? పిల్ల పోయిందని ఏడ్చాను, అది అందరికీ ఉండే ఏడుపే. నేనెవరికీ అక్కర్లేదనుకుంటూ పోయిందే, ఆ ఏడుపు మాత్రం నాకింకా తీరలేదు."

"మరి అన్నయ్యలూ అక్కయ్యలూ?"

"వీళ్ళకి తవుడూ పోయలేదు, పిచ్చి పేర్లూ పెట్టలేదు. నోరారా పిలుచుకున్నాను, కడుపారా ముద్దు పెట్టుకున్నాను. బతికారు. ఎందుకు బతికారో నాకేం తెలుసు? ఆ చచ్చిన చావుకి మన ధరలేం పడతాయే! దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తది. ఈలోగా నువ్వెందుకు చచ్చినట్టుండటం?"

మూతి పైటచెంగుతో తుడుచుకుని, నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "ఈ సంగతి మీ నాయనమ్మకి చెప్పమాకు. నా చెయ్యి మంచిదని నమ్మబట్టే ఆ ముసలిది ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు కన్ను మూసింది."

నాకు ఒక్కటే అర్థమైంది. నన్ను ఎత్తిన చెయ్యి మంచి చెయ్యి కాదు, బిడ్డ పోయిన చెయ్యే. అంటే నా పుట్టుక నుంచీ నా చుట్టూ కట్టిన గోడకి పునాదే లేదు. ఇక నన్ను కాపాడేది ఏదీ లేదు. ముందు ప్రాణం లేచిపోయినంత భయమేసింది. కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. లేని గోడ పదేళ్ళు కాపాడిందా? కాపాడలేదు. మరి నేను బతికే ఉన్నాను కదా! ఎలా? దానికి జవాబు అత్తయ్యకీ తెలియదు. తెలియదని ఒక పెద్దావిడ నా మొహం మీదే ఒప్పుకోవడం నాకదే మొదటిసారి. ఆకలేసింది. పులిహోర తిన్నాను.

దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరాం. నాయనమ్మ పొద్దున కూలబడిన చోటే ఉంది. ఎదురుగా చేట అలాగే ఉంది. కోళ్ళు వచ్చి తవుడు చిమ్మి పోసినా అదిలించినట్టు లేదు. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని అమ్మ చెప్పింది. నన్ను చూడగానే ఆవిడ కళ్ళు నా కాళ్ళ దగ్గర మొదలై, చేతులు, మెడ, జడలో పూలు, అన్నీ తడిమాయి. లేవబోయి, మళ్ళీ ఆగిపోయింది.

"కావాలంటే కొనుక్కోండి పిన్నిగారూ. ఈసారి తవుడుకివ్వను" అంది అత్తయ్య.

"మరేం కావాలే నీకు?"

"పిల్ల గురించి ఒక మంచి మాట. పైకి, వినబడేలాగా."

నాయనమ్మ నావైపు చూడలేక స్తంభం వైపు చూసింది. ఆవిడకి అది మాట కాదు, నిప్పు. మూడోసారి కూడా పోగొట్టుకోవడానికి సిద్ధపడితేగాని ఆ మాట నోటినుంచి రాదు. నేను కూడా వద్దులే అనబోయాను. అత్తయ్య నా భుజం నొక్కింది.

"జుట్టు... జుట్టు ఒత్తే దానికి" అంది నాయనమ్మ, స్తంభంతో చెబుతున్నట్టు.

"వినబడలా."

"జుట్టు ఒత్తే మా పిల్లకి! చాలా?" అని అరిచి, స్తంభానికి నుదురు ఆనించుకుని భోరుమంది. మా పిల్ల అన్న సంగతి ఆవిడ గమనించుకోలేదు. నేను గమనించాను.

ఆ రాత్రి అమ్మ కంచం పెట్టింది. ముందు అన్నం వడ్డించింది. తర్వాత నెయ్యి గిన్నె పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. గడప వైపు ఒకసారి చూసి, అన్నం మీద పోసింది. అందరికీ కనబడేలా పైనే పోసింది. అది కరిగి జారుతుంటే చూస్తూ కూర్చున్నాను. తింటున్నప్పుడు గొంతులో భయం ఉంది, నాలిక మీద నెయ్యి ఉంది.

ఆ రోజుతో అన్నీ మారిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. నాయనమ్మ మళ్ళీ ఎప్పుడూ నన్ను మెచ్చుకోలేదు. పొద్దున్నే నేను లేవకముందు నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్ళేది, నిద్రపోతున్నట్టు నటించేదాన్ని. నాన్న కూడా పిల్లలెంతమందని అడిగితే లేరనడం మానేశాడు గాని, "ఏదో, ఒక పిల్ల ఉందిలెండి" అని గొణిగేవాడు. అదే ఆయనకి చేతనైన ధైర్యం. నేను మాత్రం బళ్ళో నోరు విప్పాను. చదువుకుని, ఆ గవర్నర్‌పేటలోనే ఒక ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. పేరు మార్చుకోమని చాలామంది చెప్పారు. మార్చుకోలేదు. అంత భయపడి పెట్టిన పేరు పారెయ్యబుద్ధి కాలేదు.

డెబ్బై దాటిన ఈ వయసులో కూడా ఎవరైనా బాగుందన్నారంటే నా చెయ్యి ముందు గుండె మీదికి పోతుంది. ఆ మూత పూర్తిగా ఎప్పుడూ తెరుచుకోలేదు, ఇక తెరుచుకోదు కూడా. మా మనవరాలు ఫోన్లో ఫోటో తీస్తూ "కళ్ళు తెరువు అమ్మమ్మా" అంటుంది, అప్పటికే మూసేసుకుని ఉంటాను. కాని అది కాలేజీకి బయల్దేరితే, ఎంత చక్కగా ఉన్నావే అని లిఫ్టు దాకా వెళ్ళి మరీ చెప్పి పంపిస్తాను. లిఫ్టు తలుపు మూసుకున్నాక చాటుగా మెటికలు విరుస్తాననుకోండి. నాయనమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది!

అత్తయ్య పోయి చాలా కాలమైంది. ఆవిడ కడగొట్టు కొడుకు, నా తర్వాత పుట్టినవాడు, మొన్నామధ్య వాళ్ళ పాత ఇల్లు ఖాళీ చేస్తూ, అమ్మ పెట్టెలో దొరికిందని ఒక ఫోటో తీసుకుని మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ అక్కలెవరూ పోల్చుకోలేకపోయారట. జడలో పూలు, కొత్త పరికిణీ, గట్టిగా మూసుకున్న కళ్ళు. భుజం మీద లావుపాటి చెయ్యి.

"పక్కన అమ్మే, తెలుస్తోంది. ఈ పిల్లెవరి పిల్లక్కా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఒకప్పుడు నా దగ్గర ఎక్కంలాంటి జవాబు ఉండేది. ఈసారి కాస్త ఆగాను. ఆ స్టూలు మీద కూర్చున్న పిల్లా, నేను ఎన్నడూ చూడని ఆ పెద్దకళ్ళ పిల్లా ఇద్దరూ గుర్తొచ్చారు.

"మీ అమ్మ పెద్దమ్మాయిరా" అన్నాను.

వాడు హాస్యమనుకుని నవ్వాడు. కాఫీ తాగి, ఫోటో నా దగ్గరే వదిలి వెళ్ళాడు. ఇప్పుడది మా హాల్లో, వచ్చినవాళ్ళందరి కళ్ళూ పడేచోట ఉంది.